అడగండి, చెబుతాం: రాజ్యసభలో మన 18 సీట్లు 11 ఎలా అయ్యాయి?

ప్రశ్న: కందుకూరులో ముప్పై ఏళ్ళు సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆంధ్రప్రదేశ్‌కు రాజ్యసభలో 18 సీట్లని పిల్లలచేత బట్టీ పట్టించినవాణ్ణి. గ్రూప్స్‌కు చదువుతున్న మా మనవడేమో 11 అంటున్నాడు. ఏడు తెలంగాణకు వెళ్ళాయని తెలుసు, కానీ అప్పటికే సభలో ఉన్నవాళ్ళను ఎలా పంచారు? అసలు ఆ 18 లెక్క ఎక్కడిది? అమెరికా సెనేట్‌లో లాగా రాష్ట్రానికి ఇద్దరని సమానంగా ఎందుకు పెట్టలేదు? మన నెల్లూరు వైపు నుంచి ఎవరెవరు వెళ్ళారో కూడా రాయండి.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కందుకూరు

జవాబు: మాస్టారూ, మీ ఊరు 1970 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత ఒంగోలు జిల్లా, 1972లో దాని పేరు మారి ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు. ఇల్లు కదలకుండానే జిల్లా మారడమంటే ఏమిటో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. 2014 మే 30న రాజ్యసభ సభ్యులకు అలాగే రాష్ట్రం మారింది, అదీ చీటీలు తీసి.

విభజన చట్టం 18 సీట్లను 11, 7గా పంచింది. రాజ్యసభలో రెండేళ్ళకోసారి మూడో వంతు మంది దిగిపోతారు కదా, మన 18 సీట్లూ 2016, 2018, 2020లో ఖాళీ అయ్యేవి ఆరేసి ఉన్నాయి. వాటిని ఆంధ్రకు 4, 3, 4, తెలంగాణకు 2, 3, 2 వచ్చేలా విడగొట్టారు. ఎవరు ఎటు అన్నది చీటీల్లో తేలింది. సొంత ఊరు ఎక్కడన్నది చూడలేదు. అందుకే టీఆర్‌ఎస్ నాయకుడు కె. కేశవరావు 2020 దాకా ఆంధ్రప్రదేశ్ సభ్యుడు. దేవేందర్ గౌడ్, రేణుకా చౌదరి కూడా మన లెక్కలోనే ఉన్నారు. అటు కడప జిల్లాకు చెందిన సి.ఎం. రమేశ్, విభజన బిల్లు రోజు సభలో నిరసన తెలిపిన కేవీపీ రామచంద్రరావు తెలంగాణ లెక్కలోకి వెళ్ళారు. ఆంధ్రకు ప్రత్యేక హోదా కోసం ప్రైవేటు బిల్లు పెట్టిన కేవీపీ, రికార్డుల్లో తెలంగాణ సభ్యుడు! కాగితం మీద రాష్ట్రం ఒకటి, మనసులో రాష్ట్రం ఇంకొకటి అయి కూడా ఆయన మన మాట మాట్లాడారు, అది గుర్తుపెట్టుకోవాలి.

ఇక 18 సంగతి. 1952లో రాజ్యసభ మొదలైనప్పుడు మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉంది, ఆ రాష్ట్రానికి 27 సీట్లు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక మనకు 12 ఇచ్చారు. 1956లో తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యాక 18. దీని వెనక లెక్క చాలా సులువు. మొదటి 50 లక్షల జనాభాకు పది లక్షలకు ఒక సీటు, ఆపైన ఇరవై లక్షలకు ఒకటి. 1951 జనాభా ప్రకారం ఉమ్మడి రాష్ట్రం జనం 3 కోట్ల 11 లక్షల చిల్లర. మొదటి 50 లక్షలకు 5, మిగిలిన 2 కోట్ల 61 లక్షలకు 13, కలిపితే మీరు బట్టీ పట్టించిన 18 వస్తుంది. మనవడిచేత కూడా ఒకసారి ఈ లెక్క వేయించండి. అప్పటినుంచి 2014 దాకా జనం ఎంత పెరిగినా ఆ అంకె మారలేదు.

అమెరికాలో చిన్న రాష్ట్రానికీ పెద్ద రాష్ట్రానికీ ఇద్దరే. మన రాజ్యాంగం అలా సమానంగా ఇవ్వలేదు, అలాగని పూర్తిగా తలలెక్కా కాదు. పెద్ద రాష్ట్రాలకు ఇరవై లక్షల మెట్టు పెట్టి కొంచెం తగ్గించి, చిన్నవాటికి కొంత ఊపిరి ఇచ్చారు. ఈ రోజు ఉత్తరప్రదేశ్‌కు 31, తమిళనాడుకు 18, మనకు 11, కేరళకు 9, తెలంగాణకు 7. నా మట్టుకు నాకు ఈ మధ్యేమార్గం సబబే అనిపిస్తుంది.

నెల్లూరు వాళ్ళంటే మొదట చెప్పుకోవాల్సింది పుచ్చలపల్లి సుందరయ్య గారి గురించే. అలగానిపాడులో పుట్టిన ఆయన 1952లో మద్రాసు రాష్ట్రం నుంచి తొలి రాజ్యసభకు వెళ్ళి కమ్యూనిస్టు సభ్యులకు నాయకుడయ్యారు, పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్ళేవారు. 1955లో గన్నవరం నుంచి అసెంబ్లీకి వచ్చేశారు. ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా చేసిన బెజవాడ గోపాలరెడ్డి గారూ రాజ్యసభలో ఉన్నారు. నేదురుమల్లి జనార్దనరెడ్డి గారు సభ్యుడిగా ఉండగానే 2014 మే 9న చనిపోతే, ఆ ఖాళీలో నిర్మలా సీతారామన్ గారు ఆంధ్ర నుంచి ఎన్నికయ్యారు. ఈ మధ్య కాలానికి వస్తే వేమిరెడ్డి ప్రభాకర్‌రెడ్డి (2018–24), కావలి మాజీ ఎమ్మెల్యే బీద మస్తాన్‌రావు (2022లో వైసీపీ తరఫున, రాజీనామా చేసి 2024 డిసెంబరులో టీడీపీ తరఫున), ప్రకాశం వైపు నుంచి ఒంగోలు మాజీ ఎంపీ వై.వి. సుబ్బారెడ్డి (2024).

వెంకయ్యనాయుడు గారి పేరు రాయలేదేమని అడుగుతారు. చవటపాలెంలో పుట్టి ఉదయగిరి నుంచి రెండుసార్లు గెలిచిన ఆయన మూడుసార్లు కర్ణాటక నుంచి, 2016లో రాజస్థాన్ నుంచి రాజ్యసభకు వెళ్ళారు గానీ ఆంధ్ర నుంచి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. 2017లో ఉపరాష్ట్రపతి అయి ఆ సభకే అధ్యక్షత వహించారు. 2014 ఫిబ్రవరి 20న ప్రధాని మన్మోహన్‌సింగ్ ఐదేళ్ళ ప్రత్యేక హోదా అన్నప్పుడు, పదేళ్ళు కావాలని లేచి అడిగింది కర్ణాటక సభ్యుడిగా ఉన్న ఈ నెల్లూరు మనిషే. ఆ రోజు ఆ మాట విన్న నెల్లూరు వాళ్ళెవరూ ఆయన ఏ రాష్ట్రం సభ్యుడని ఆలోచించి ఉండరు.

2003లో చట్టం మార్చి, పోటీచేసే వ్యక్తి ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న షరతు తీసేశారు. 2006లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. గుజరాత్‌కు చెందిన పరిమళ్ నత్వానీ 2020లో మన సీటులో ఎన్నికైంది అందువల్లే. తీర్పును గౌరవిస్తూనే చెబుతున్నాను, నాకు ఆ మార్పు నచ్చలేదు. ఉన్నవే పదకొండు. ఒక్కో సీటూ సోమశిల గురించి, వెలిగొండ గురించి, రామాయపట్నం గురించి తెలిసినవాళ్ళకు దక్కాలి.

ప్రశ్న: రాజ్యసభ ఎన్నికలో మా ఎమ్మెల్యే ఎవరికి ఓటేశారో మాకు తెలుస్తుందా? గెలవడానికి ఎన్ని ఓట్లు కావాలి?
– డిగ్రీ విద్యార్థిని, కావలి

జవాబు: నీకు తెలియదమ్మా, పార్టీకి తెలుస్తుంది. 2003 నుంచి ఇది బహిరంగ ఓటు, వేసిన బ్యాలెట్‌ను పార్టీ ఏజెంటుకు చూపించాలి. పార్టీ చెప్పినట్టు వేయకపోయినా ఫిరాయింపు చట్టం కింద సభ్యత్వం పోదు.

ఓట్ల లెక్కకు 2020 జూన్ ఎన్నిక చూడు. నాలుగు సీట్లు, 175 మంది ఎమ్మెల్యేలు. సీట్లకు ఒకటి కలిపి అయిదుతో భాగిస్తే 35, దానికన్నా ఎక్కువ రావాలి గనుక 36. అందరూ ఓటేస్తే లెక్క అది. ఆ రోజు 173 మంది వేశారు, వైసీపీ నలుగురికీ తలా 38, టీడీపీ అభ్యర్థికి 17 వచ్చాయి, నాలుగు చెల్లలేదు. సీట్లు మూడే అయితే 44 కావాలి. అసెంబ్లీ ఎన్నికల్లో నువ్వు వేసే ఓటే రెండో మెట్టులో ఢిల్లీ దాకా వెళ్తుంది, కాబట్టి ప్రచారానికి వచ్చిన అభ్యర్థిని రాజ్యసభకు ఎలాంటివాళ్ళను పంపుతారని కూడా అడుగు.