ఇంజిన్ బోరు కొట్టించే ముందు కంప్రెషన్ చూడండి

అన్నా, మీ పాత కార్బొరేటర్ మారుతి 800కి పుల్లింగ్ తగ్గిందనీ, స్లోలో వణుకుతోందనీ, ఇంజిన్ దించి బోరు కొట్టించాలని (అరిగిన సిలిండర్ లోపలి గోడను చెక్కించాలని) ఒంగోలులో మెకానిక్ అంటున్నాడనీ రాశారు. అప్పుడే ఒప్పుకోకండి. ముందు కంప్రెషన్ గేజ్, అంటే పిస్టన్ సిలిండర్లో గాలిని ఎంత ఒత్తిడితో నొక్కుతోందో చూపే మీటరు, పెట్టించండి. మాది చీమకుర్తి. మా 800కీ ఇవే లక్షణాలు, ఇదే సలహా.

ఇంజిన్ వేడెక్కాక ఆపి, ప్లగ్గుల చుట్టూ దుమ్ము గాలి కొట్టించి మూడూ విప్పాలి. మా వైపు గ్రానైట్ దుమ్ము లోపల పడితే బోరుకు గీతలే. స్పార్క్ రాకుండా కాయిల్ వైరు తీసేయాలి. గేజ్‌ను ఒక్కో ప్లగ్ రంధ్రంలో బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి, గేజ్ ముల్లు ఆగేదాకా సెల్ఫ్ కొట్టాలి. తొక్కకపోతే లోపలికి గాలి చాలదు, మంచి సిలిండర్ కూడా తక్కువ చూపిస్తుంది. బ్యాటరీ నీరసంగా ఉన్నా అంతే.

మా బండిలో రెండు సిలిండర్లు 160 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దగ్గర నిలిచాయి, మధ్యది 95 దాటలేదు. అసలు సంగతి తేలేది ఆ తర్వాతే. తక్కువ ఉన్న సిలిండర్లో ప్లగ్ రంధ్రం గుండా ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టి చూడాలి. ఆయిల్ పిస్టన్ చుట్టూ ఉండే రింగుల సందులు మూస్తుంది కాబట్టి, రీడింగ్ బాగా పెరిగితే రింగులో బోరో అరిగినట్టు. పెరగకపోతే గాలి పైనుంచి, అంటే వాల్వుల దగ్గరో హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైమూత హెడ్ కింద ఉండే సీలు) దగ్గరో పోతున్నట్టు. మాది ఆయిల్ పోసినా 100 దగ్గరే ఆగింది. ట్యాపెట్లు (వాల్వుల్ని నొక్కి తెరిచేవి) సందు లేకుండా బిగుసుకున్నా వాల్వు పూర్తిగా మూసుకోక ఇలాగే చూపిస్తుంది కనుక ముందు అవి సరిచేయించాం, మార్పు లేదు. హెడ్ విప్పితే ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోయి ఉంది. వాల్వు మార్చి, సీటింగ్ గ్రైండింగ్ చేయించాం. బోరు జోలికే పోలేదు, ఇప్పటికీ బాగా లాగుతోంది.

పక్కపక్క రెండు సిలిండర్లూ పడిపోతే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానపడండి, రేడియేటర్లో బుడగలు వస్తున్నాయేమో చూడండి. మూడూ సమానంగా తగ్గితే టైమింగ్ బెల్టు (వాల్వులు సరైన వేళకు తెరుచుకునేలా నడిపే పళ్ల బెల్టు) పన్ను జారిందేమో చూశాకే రింగుల మాట. డీజిల్ బండికి మాత్రం ఈ గేజ్ వాడనివ్వకండి, అక్కడ ఒత్తిడి 400 పీఎస్ఐ కూడా దాటొచ్చు.

మెకానిక్ నోటిమాటగా చెబితే సరిపెట్టుకోకండి, పక్కనే నిలబడి ముల్లు చూడండి. ఆయిల్ పోయకముందు మూడు రీడింగులు, పోశాక వచ్చినవి రాసి పెట్టండి, చూసి చెబుతాను.