వరి ఆకు కంట్లో గీసుకుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలా?

కోతల్లో వరి ఆకు కంటికి గీసుకుంది, కాస్త ఎర్రబడింది, చూపు బాగానే ఉంది, ఆగి చూడొచ్చా అని అడిగారు. ఉత్త దుమ్మే అయితే మంచినీళ్లతో కడిగి ఒక రోజు చూడొచ్చు. ఆకు, ఊక, పుల్ల తగిలితే మాత్రం నేనైతే ఆగను. వాటితో ఫంగస్ చేరితే, నొప్పి తగ్గిందనుకున్న కొన్ని రోజులకు నల్లగుడ్డు మీద పుండు పడొచ్చు. కంటి డాక్టర్ రంగు మందు వేసి నీలం లైట్‌లో చూస్తే గీత ఆకుపచ్చగా మెరుస్తుంది. పెద్ద పనేం కాదు. చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, తెల్లమచ్చ కనిపించినా అదే రోజు వెళ్లండి. కన్ను నలపకండి. ఆముదం, చనుబాలు వద్దు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలు అసలే వద్దు, పైకి ఎరుపు తగ్గినట్టుంటుంది గానీ లోపల ఫంగస్ ముదురుతుంది.