నిద్ర కోసం జలుబు సిరప్ వేయకండి, ముందు బాబు చెవులు చూపించండి

ప్రశ్న: మా బాబుకు 22 నెలలు. మొన్నటిదాకా పగలు రెండుసార్లు పడుకునేవాడు, ఇప్పుడు మధ్యాహ్నం ఒక్కసారే. రాత్రి పదకొండు దాటినా నిద్రపోడు, మధ్యలో లేచి ఏడుస్తాడు. జలుబుకని మెడికల్ షాపులో ఇచ్చిన సిరప్ వేసిన రోజు బాగా పడుకున్నాడు. అప్పటి నుంచి అప్పుడప్పుడు అదే వేస్తున్నాను. నోరు తెరుచుకుని గురక పెడతాడు. అమ్మ, తాత, బువ్వ లాంటి నాలుగైదు మాటలే వచ్చు. మా అత్తగారు రోజూ వస అరగదీసి నాకిస్తున్నారు. మావారికీ మూడేళ్లకు గానీ మాటలు రాలేదట. నాలుక కింద తీగ కోయిస్తే మాటలు వస్తాయా? పగటి నిద్ర మాన్పించాలా?
– ఓ తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు అడిగిన రెండు ప్రశ్నల కంటే, మాటల మధ్యలో రాసేసిన రెండు సంగతులు నన్ను ఎక్కువ కంగారుపెడుతున్నాయి. ఒకటి సిరప్, రెండోది గురక.

సిరప్ ఈ రాత్రి నుంచే ఆపేయండి. సీసా వెనక సన్న అక్షరాల్లో ఏం రాసి ఉందో ఒకసారి చదవండి. జలుబు సిరప్‌లలో ఎక్కువగా ఉండేవి మత్తు కలిగించే క్లోర్‌ఫెనిరమైన్, ముక్కుదిబ్బడకు వాడే ఫినైలెఫ్రిన్. ఈ రెండూ కలిసిన మందు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీదే ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులోనే ఆదేశించారు. 2025లో మధ్యప్రదేశ్‌లో విషపదార్థం కలిసిన దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు చనిపోయిన సంగతి మీరూ వినే ఉంటారు. ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ, రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఇవ్వొద్దని స్పష్టంగా చెప్పింది. డాక్టర్లమే రాయకూడదన్న మందును కౌంటర్ దగ్గర అడిగి తెచ్చి, వంటింటి చెంచాతో కొలిచి పోస్తే ఎలా అమ్మా? ఓపీలో ఇలాంటి సీసాలు సంచిలోంచి తీసి చూపించే తల్లులు ఎందరో. అడిగితే ‘ఒక్క చెంచానే సార్’ అంటారు. ఆ చెంచాలో ఎన్ని ఎంఎల్ పడుతుందో ఎవరికీ తెలియదు. పైగా గురక పెట్టే పిల్లవాడికి మత్తు కలిగించే మందు వేస్తే ఊపిరికి ఇబ్బంది కావచ్చు. కొందరు పిల్లలకైతే ఇదే మందుతో చిరాకు పెరిగి, ఉన్న నిద్ర కూడా పోతుంది.

ఇక గురక. జలుబు లేనప్పుడు కూడా నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడంటే, ముక్కు వెనక ఉండే మెత్తని కండ (ఎడినాయిడ్స్) వాచి ఉండొచ్చు. ఊపిరి సరిగా ఆడక పిల్లలు రాత్రి పదే పదే లేస్తారు. అదే వాపు వల్ల చెవి లోపల, కర్ణభేరి వెనక నీరు చేరవచ్చు. అప్పుడు నొప్పి ఉండదు, చీము కారదు, మాటలు మాత్రం నీళ్లలో మునిగి విన్నట్టు మందంగా వినిపిస్తాయి. సరిగ్గా వినపడని మాట పిల్లవాడికి ఎలా వస్తుంది? నిద్రకూ మాటకూ మూలం ఒక్కటే అయ్యుండొచ్చని నా అనుమానం. చూడకుండా నిర్ధారించలేను. అందుకే ఈ వారంలోనే పిల్లల డాక్టరుకు, ఈఎన్‌టీకి చూపించండి. ‘టీవీ పెడితే తిరిగి చూస్తాడు సార్, చెవులు బాగానే ఉన్నాయి’ అనుకోవద్దు. పెద్ద శబ్దాలు విన్నా, మాటల్లోని సన్న ధ్వనులు అందకపోవచ్చు. కర్ణభేరి కదలికను చూసే టింపనోమెట్రీ, అవసరమైతే శబ్దానికి మెదడు స్పందనను కొలిచే బెరా పరీక్ష చేస్తే తేలుతుంది. ఖర్చుకు వెనకాడితే ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) ఈఎన్‌టీ ఓపీకి వెళ్లండి. పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే కింద జిల్లా స్థాయిలో పనిచేసే డీఈఐసీ కేంద్రాల్లో (ఎదుగుదల లోపాలను ముందే గుర్తించే కేంద్రాలు) ఎదుగుదల పరీక్షలు ఉచితం. మీ ఏఎన్ఎంను అడిగితే దారి చెబుతారు.

రెండేళ్లు నిండేసరికి దాదాపు 50 మాటలు, ‘అమ్మ దా’, ‘పాలు కావాలి’ లాంటి రెండు మాటల జతలు రావాలి. 22 నెలలకు నాలుగైదంటే తక్కువే. తండ్రికి ఆలస్యంగా వచ్చాయని కొడుకు విషయంలో ఆగడం మంచిది కాదు. మీరు రాయనిది ఒకటి అడగాలి. కావలసింది వేలితో చూపిస్తాడా? ‘కాకి ఏదీ?’ అంటే అటు చూస్తాడా? పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా? ఇవి లేకపోయినా, వచ్చిన మాటలు పోయినా, చెవి పరీక్షతో పాటు ఎదుగుదల పరీక్ష కూడా వెంటనే చేయించాలి.

వస మాన్పించండి. అత్తగారిది ప్రేమే, కాదనను. కానీ వసకొమ్ములో ఉండే బీటా-ఎసరోన్ అనే రసాయనం మంచిది కాదని జంతువులపై చేసిన పరీక్షల్లో తేలింది. ఎక్కువైతే పిల్లలకు వాంతులవుతాయి. దానితో మాటలు వస్తాయన్న రుజువు లేదు. నాలుక కింద తీగ ఉంటే కొన్ని అక్షరాలు సరిగా పలకకపోవచ్చు గానీ, మాటలే రాకుండా పోవు. చెవి చూపించకుండా కోతకు ఒప్పుకోకండి.

పగటి నిద్ర మాన్పించొద్దు. రెండు నిద్రలు ఒకటి కావడం ఈ వయసులో మామూలే. పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటలు చాలు. మధ్యాహ్నం మూడున్నరకల్లా లేపండి, పొద్దున రోజూ ఒకే వేళకు లేపండి. రెండేళ్ల లోపు ఫోన్, టీవీ అసలు వద్దు, అన్నం తినిపించేటప్పుడు కూడా. ఆ వేళ మీరే కబుర్లు చెబుతూ తినిపించండి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ సిరప్ సీసా, టీకాల కార్డు పట్టుకెళ్లండి. బాబు గురక పెట్టేటప్పుడు చొక్కా తీసి, ఛాతీ కనిపించేలా ఒకటి రెండు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. ఊపిరి తీసుకుంటూ మధ్యలో ఆగుతున్నా, పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. పెదాలు నీలంగా మారితే ఆ రాత్రే క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.

– పిల్లల వైద్య నిపుణులు, విజయవాడ