సెన్సర్ చూపిన హెచ్చరిక పరిహారానికి పనికొస్తుందా?

ప్రశ్న: కొత్త మందుపై జరిగిన క్లినికల్ ట్రయల్‌లో చేరాను. చేతికి కట్టిన సెన్సర్ గుండె లయ తప్పిందని ముందురోజే చూపినా ఎవరూ హెచ్చరించలేదు. మర్నాడు స్పృహ తప్పి ఆస్పత్రిలో చేరాను. ఇరవై నెలలైంది. ‘సెన్సర్ పరిశోధనకే, మీ పర్యవేక్షణకు కాదు’ అంటున్నారు ట్రయల్ నిర్వాహకులు. పట్టీ తిరిగిచ్చేశాను, పాత ఫోన్ అమ్మేశాను, స్క్రీన్‌షాట్లు మిగిలాయి. అక్కడ పనిచేసే బంధువు తన లాగిన్‌తో డేటా తీసిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరమంతా ‘ఎవరూ చూడలేదు’ అన్న ఆవేదన చుట్టూనే తిరిగింది, కానీ కేసును తేల్చేది అది కాదు. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం పరిహారానికి నిర్లక్ష్యాన్ని రుజువు చేసి తీరాలని లేదు. మీకు కలిగిన హాని ట్రయల్ మందు దుష్ప్రభావమని తేలినా చాలు. కాబట్టి మందు వేసుకున్న ఎన్ని గంటలకు గుండె లయ మారిందో చెప్పడమే సెన్సర్ డేటాకున్న అసలు విలువ. పైగా పట్టీలో నమోదైన వేళ ఒకటి, ఫోన్ ద్వారా సర్వర్‌కు చేరిన వేళ మరొకటి కావచ్చు. మీరు ఆస్పత్రిలో ఉండగా డేటా చేరి ఉంటే, ‘చూసి కూడా ఊరుకున్నారు’ అన్న వాదన నిలవదు.

బంధువు సాయం మాత్రం వద్దే వద్దు. అనుమతి లేకుండా, నిజాయతీ లేని ఉద్దేశంతో డేటా తీశారని తేలితే సమాచార సాంకేతిక చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా పడవచ్చు. అలా వచ్చిన డేటాను మార్చారని అవతలివారు అనక మానరు.

పట్టీని ఇచ్చేయడం, ఫోన్ అమ్మేయడం క్షమించరాని అజాగ్రత్త. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కోరే ధ్రువపత్రం లేనిదే స్క్రీన్‌షాట్లు కోర్టులో నిలవడం కష్టం.

ఈ వారంలోనే పరిశోధకుడికి, స్పాన్సర్‌కు (ట్రయల్ జరిపించే సంస్థకు), ట్రయల్‌లో చేరినవారి హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీకి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, ముడి డేటాను, అది సర్వర్‌కు చేరిన వేళలను, తర్వాత ఎవరు ఏం మార్చారో చూపే ఆడిట్ ట్రెయిల్‌ను చెరపకుండా భద్రపరచమని కోరండి. ట్రయల్‌లో ఉన్నవారు ఆస్పత్రిలో చేరితే దాన్ని తీవ్ర ప్రతికూల ఘటనగా 24 గంటల్లో నివేదించవలసింది పరిశోధకుడే. ఆ నివేదిక నకలు అడగండి, నివేదిక లేదని అంటే ఆ మాటే రాసిమ్మనండి. వినియోగదారుల కమిషన్‌కు గడువు రెండేళ్లే గనుక మీకు మిగిలింది నాలుగు నెలలు. ఉచితంగా పాల్గొన్నవారు వినియోగదారులు కారన్న అభ్యంతరం అక్కడ ఎదురుకావచ్చు. అందుచేత దాన్నొక్కటే నమ్ముకోకుండా ట్రయల్స్‌కు అనుమతులిచ్చే కేంద్ర లైసెన్సింగ్ అధికారికి (డ్రగ్స్ కంట్రోలర్ జనరల్‌కు) కూడా ఫిర్యాదు చేయండి. డిశ్చార్జ్ సమ్మరీలో చేరిన గంట లేకపోతే, ముందు కేస్‌షీట్ నకలు తెచ్చుకోండి.