మిషను వస్తోందని మాత్రలు మానకు

చిన్నాకి అత్తయ్య ఆశీస్సులు.

వచ్చే వారం హైదరాబాద్‌లో స్లీప్ స్టడీ, అదే రాత్రి నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసే పరీక్ష, చేయించుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. మన ఇంట్లో గురకని జబ్బుగా పట్టించుకున్న మొదటి మగాడివి నువ్వేరా! ఎంత సంతోషమేసిందో. గురకకి పెట్టుకునే సీప్యాప్ మిషను రాగానే బీపీ మాత్రలు మానేస్తానన్నావట. అది విన్నాక మాత్రం నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

పరీక్ష రోజు తలకి నూనె రాసుకోకు, తలకి అంటించే వైర్లు అతుక్కోవు. మధ్యాహ్నం దాటాక కాఫీ వద్దు. మద్యం జోలికి అసలు పోకు, గొంతు కండరాలు ఇంకా సడలిపోతాయి.

కోడలిని వెంటబెట్టుకుని వెళ్ళు. మీ మామయ్య ఎప్పుడూ ఒక్కరే వెళ్ళేవారు. నిద్ర ఎలా పడుతోందని డాక్టరు అడిగితే "తల దిండుకి ఆనితే చాలు సార్" అని గొప్పగా చెప్పేవారు. బీపీ దిగేది కాదు. ఒక మాత్ర రెండయింది, రెండు మూడయ్యాయి, ఆ మూడోది ఒంట్లో నీరు తీసేది. అయినా లొంగలేదు. రాత్రి చూస్తే గురక ఉన్నట్టుండి ఆగిపోయేది. ఛాతీ ఎగురుతూనే ఉండేది, ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగిలేది కాదు. కాసేపటికి గుర్రుమని ఉలిక్కిపడి పక్కకి తిరిగేవారు. పొద్దున్న లేస్తే తలనొప్పి, నోరు ఎండిపోవడం. గురక పెట్టేవాడికి తన గురక వినపడదు కదా, డాక్టరుకేం చెబుతాడు? నేను వెళ్ళి ఇదంతా చెప్పాకే ఆ పరీక్ష రాశారు.

నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, ఒళ్ళు బెదిరి అడ్రినలిన్ వదులుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. నిద్రలో 10 నుంచి 20 శాతం తగ్గాల్సిన బీపీ తగ్గదు. ఊపిరి ఆగడం గంటకి 5 సార్ల లోపైతే ఫరవాలేదు, 30 దాటితే తీవ్రమే. నీ అంకె ఎంతో ఫోన్ చేసి చెప్పు.

సీప్యాప్ మిషను గాలి ఒత్తిడితో గొంతుని మూసుకోనివ్వదు. బీపీని అది దించేది మాత్రం సగటున 2, 3 పాయింట్లే. మొండి బీపీ అయితే కాస్త ఎక్కువ. మాత్ర తగ్గించాలో వద్దో డాక్టరు చెప్పాలి, నువ్వు కాదురా వెధవా. మీ నాన్నా ఇంతే, బీపీ బాగానే ఉందిగా అని మాత్రలు తనంతట తనే మానేశాడు. పక్షవాతం వచ్చిన ఆ తెల్లవారుజామున నువ్వు నా ఒళ్ళో నిద్రపోతున్నావు. అందుకే ఇంత కోపం.

మొదట్లో మాస్కు చిరాకుగా ఉంటుంది. పగలు టీవీ చూస్తూ పెట్టుకుని అలవాటు చేసుకో. దసరాకి వచ్చేటప్పుడు మిషను తెచ్చుకో. మంచం పక్కన ప్లగ్గు లేదు, ఎక్స్‌టెన్షన్ బాక్సు కొనిపెడతాను.