మెమరీ కార్డులో 15 వేల గేమ్స్: ఇంట్లో ఆడితే ఏంటి, షాపులో అమ్మితే ఏంటి?

ప్రశ్న: నమస్తే మేడమ్, మాది హనుమకొండ. మా బాబు కోసం ఆన్‌లైన్‌లో ఒక చిన్న హ్యాండ్‌హెల్డ్ గేమ్ మెషీన్ కొన్నాను. దాంట్లో వచ్చిన మెమరీ కార్డులో 15 వేల గేమ్స్ అని రాసుంది, మారియో, కాంట్రా, పోకెమాన్ అన్నీ ఉన్నాయి. అది చూసి మొబైల్ షాపు నడిపే మా బామ్మర్ది, ఇలాంటివి హోల్‌సేల్‌లో తెప్పించి, కార్డుల్లో గేమ్స్ ఎక్కించి అమ్ముదాం బావా, పాత గేమ్స్‌కి కాపీరైట్ ఉండదు, కంపెనీలే వదిలేశాయి అంటున్నాడు, నన్ను పెట్టుబడి పెట్టమంటున్నాడు. నా దగ్గర చిన్నప్పటి టీవీ గేమ్ క్యాసెట్లు, ప్లేస్టేషన్ 2 డిస్కులు కూడా ఉన్నాయి, వాటిని కాపీ చేసి ఆడుకోవచ్చా? అసలు ఇంట్లో ఆడుకున్నా కేసు అవుతుందా?

జవాబు: ముందు పెట్టుబడి సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే మీకు నిజంగా ప్రమాదం ఉన్నది అక్కడే. పెట్టకండి. మీ బాబు ఇంట్లో ఆడుకోవడానికీ, మీ బామ్మర్ది షాపులో అమ్మడానికీ చట్టంలో చాలా తేడా ఉంది. మొదటిది సర్దుకోవచ్చు, రెండోది మాత్రం జైలు శిక్ష ఉన్న నేరం.

పాత గేమ్స్‌కి కాపీరైట్ ఉండదు అన్న మాట నేను చాలామంది నోట విన్నాను కానీ చట్టంలో అలాంటిది లేదు. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని సాహిత్య రచన కిందే లెక్కేస్తుంది, అంటే ఒక కథకి ఎంత రక్షణో గేమ్ కోడ్‌కీ అంతే, రాసినవాళ్ల జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు. సూపర్ మారియో బ్రదర్స్ వచ్చింది 1985లో, దాన్ని తయారుచేసిన షిగెరు మియామోతో గారు ఇప్పటికీ ఉన్నారు, కాబట్టి దాని గడువు ఇప్పట్లో ముగిసేది కాదు. జపాన్ గేమ్‌కి ఇండియాలో హక్కేంటి అని కూడా అనుకోకండి, రెండు దేశాలూ ఒకరి కాపీరైట్‌ని ఒకరు గౌరవించుకునే బెర్న్ అంతర్జాతీయ ఒప్పందంలో ఉన్నాయి, విదేశీ రచనలకి ఇక్కడా రక్షణ ఉంది. కంపెనీ మూతపడితే హక్కులు గాల్లో కలిసిపోతాయి అనేది ఇంకో అపోహ. మనమంతా చిన్నప్పుడు ఆడిన అడ్వెంచర్ ఐలాండ్ హడ్సన్ సాఫ్ట్ వాళ్లది, ఆ కంపెనీ 2012లో కొనామీలో కలిసిపోయింది, హక్కులు కూడా అటే వెళ్లాయి. నెట్‌లో ఇలాంటివాటిని అబాండన్‌వేర్, అంటే యజమాని వదిలేసిన సాఫ్ట్‌వేర్, అని రాస్తుంటారు కదా, ఆ పదం చట్టంలో ఎక్కడా లేదు. యజమాని ఇప్పుడు అమ్మట్లేదు అంటే అమ్మట్లేదు అనే అర్థం, మనకి ఇచ్చేశాడని కాదు.

ఇప్పుడు అమ్మకం. ఒకప్పుడు మొబైల్ షాపుల్లో మెమరీ కార్డులోకి పాటలు ఎక్కిస్తాం అని బోర్డు పెట్టేవాళ్లు గుర్తుందా, మీ బామ్మర్ది చెప్పేది అచ్చం అదే పని, పాటల బదులు గేమ్స్, అంతే. సెక్షన్ 63 ప్రకారం తెలిసి కాపీరైట్ ఉల్లంఘించినా, దానికి తోడ్పడినా కనీసం 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. తోడ్పడినా అన్న ముక్క మీ కోసమే చెప్తున్నాను, తెలిసి డబ్బులు పెట్టిన మనిషిని కూడా అందులోకి లాగొచ్చు. వ్యాపారం కోసం కాదు అని చూపించగలిగితే కోర్టు శిక్ష తగ్గించే వీలుంది కానీ కౌంటర్ పెట్టి అమ్మినవాళ్లకి ఆ దారి మూసుకుపోతుంది. రెండోసారి రుజువైతే సెక్షన్ 63ఏ కింద కనీసం ఏడాది. ఇది బెయిలబుల్ నేరమా కాదా అని హైకోర్టులు ఒక్కోటి ఒక్కోలా చెప్తూ వచ్చాయి, చివరికి 2022 మే నెలలో నిట్ ప్రో ఇంటర్నేషనల్ కేసులో సుప్రీంకోర్టు సెక్షన్ 63 నేరం కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ అని తేల్చేసింది. అంటే పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టొచ్చు, బెయిల్ హక్కుగా రాదు, కోర్టు ఇవ్వాలి, సెక్షన్ 64 కింద సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారి వారెంట్ లేకుండానే షాపులో కార్డులు, వాటిని కాపీ చేయడానికి వాడిన కంప్యూటర్ అన్నీ సీజ్ చేసుకుని వెళ్లొచ్చు. అరెస్టు మాత్రం ఆటోమేటిక్‌గా జరగకూడదు, ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో ముందు నోటీసు ఇవ్వాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి ఇప్పుడు పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం సెక్షన్ 35(3)లో నడుస్తోంది. అయినా ఒక మొబైల్ షాపు కంప్యూటర్ పోలీస్ స్టేషన్లో నెలల తరబడి కూర్చుంటే ఆ షాపు ఏమవుతుందో మీ బామ్మర్దికే బాగా తెలుసు.

ఇంకో మూడు విషయాలు ఆయన ఆలోచించి ఉండరు. ప్యాకెట్ మీద మారియో బొమ్మో ప్లేస్టేషన్ గుర్తో వేసి అమ్మితే ట్రేడ్ మార్క్స్ చట్టం సెక్షన్ 103, 104 కింద వేరే కేసు, దానికీ ఇంచుమించు ఇదే శిక్ష. రెండోది, వీడియో గేమ్ మెషీన్లు 2012 నుంచీ బీఐఎస్ (వస్తువుల ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ) కంపల్సరీ రిజిస్ట్రేషన్ లిస్టులో ఉన్నాయి, చైనా నుంచి ఆ రిజిస్ట్రేషన్ లేని సరుకు హోల్‌సేల్‌లో తెప్పిస్తే కస్టమ్స్ దగ్గరే ఆగిపోవచ్చు. మూడోది చాలామందికి తెలీదు, గేమ్స్ అన్నీ తీసేసి ఖాళీ మెషీన్ అమ్మినా లోపల ఉండే ఎమ్యులేటర్లలో, అంటే పాత గేమ్ మెషీన్‌లా పనిచేసి దాని గేమ్స్ నడిపించే సాఫ్ట్‌వేర్లలో, కొన్నిటికి, ఉదాహరణకి స్నెస్‌9ఎక్స్‌కి, వ్యాపారానికి వాడకూడదు అనే లైసెన్సు ఉంది. రాసిన కుర్రాళ్లు జనానికి ఉచితంగా ఇచ్చారు, దాన్ని మెషీన్లో పెట్టి అమ్ముకునే హక్కు మాత్రం ఇవ్వలేదు.

ఇక ఇంట్లో సంగతి. పుస్తకం, పాట లాంటివి సొంత వాడకానికి కాపీ చేసుకుంటే సెక్షన్ 52(1)(ఏ) కింద ఫెయిర్ డీలింగ్, అంటే చట్టం ఒప్పుకునే న్యాయమైన వాడకం, అని వాదించొచ్చు కానీ ఆ సెక్షన్లోనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి ఇది వర్తించదు అని రాసిపెట్టారు. దాని బదులు సెక్షన్ 63బీ అని ప్రత్యేకంగా ఒకటుంది, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్లో వాడితే కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. భయపడకండి, వెంటనే కింద మినహాయింపు కూడా ఉంది, లాభానికో వ్యాపారానికో వాడకపోతే తగిన కారణాలు రాసి కోర్టు జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టొచ్చు. పిల్లాడు సోఫాలో కూర్చుని కాంట్రా ఆడుకుంటే పోలీసులు తలుపు కొడతారని నేను చెప్పను, కంపెనీల దృష్టి ఎప్పుడూ పంచేవాళ్ల మీద, అమ్మేవాళ్ల మీదే ఉంటుంది. కానీ కేసు రాకపోవడం వేరు, తప్పు కాకపోవడం వేరు, మీరు అడిగింది తప్పా కాదా అని కాబట్టి సూటిగా చెప్తున్నా, ఆ కార్డులో ఉన్న మారియో, పోకెమాన్ లైసెన్స్ లేని కాపీలే. ఆ రేటుకి 15 వేల గేమ్స్‌కి ఎవరూ లైసెన్సులు తెచ్చి ఇవ్వలేరు.

మెషీన్‌ని మాత్రం పారేయక్కర్లేదు, మెషీన్ తప్పు కాదు. ఎమ్యులేటర్ అనేదే నేరం కాదు, అమెరికాలో ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ వాళ్లు కనెక్టిక్స్ అనే ఎమ్యులేటర్ కంపెనీ మీద వేసిన కేసులో 2000 సంవత్సరంలోనే అక్కడి అప్పీల్ కోర్టు ఆ సంగతి చెప్పింది, మన చట్టంలో కూడా ఒక ప్రోగ్రామ్ ఎలా పనిచేస్తుందో పరిశీలించి దానికి కలిసేలా సొంతంగా ఇంకో ప్రోగ్రామ్ రాసుకోవడానికి సెక్షన్ 52లో వెసులుబాటు ఉంది. కాబట్టి ఆ కార్డు తీసి పక్కన పెట్టి, మంచి కంపెనీ కార్డు ఒకటి కొని, ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, అది వేసుకోండి.

దాంట్లో ఏం ఆడాలి అంటే మీ డిస్కుల దగ్గరికి వస్తున్నాను. ఇక్కడ మన చట్టం నిజంగా ఉదారంగా ఉంది, నాకు చాలా ఇష్టమైన క్లాజులు ఇవి. సెక్షన్ 52(1)(ఏఏ) ప్రకారం చట్టబద్ధంగా కాపీ ఉన్న మనిషి పాడైపోతుందేమో అని బ్యాకప్ తీసుకోవచ్చు. 52(1)(ఏడీ) ఇంకో అడుగు ముందుకేసి, చట్టబద్ధంగా సంపాదించుకున్న సొంత కాపీ నుంచి, వ్యాపారం కాని వ్యక్తిగత వాడకానికి కాపీ చేసుకోవచ్చు అంటుంది. అంటే మీ ఒరిజినల్ ప్లేస్టేషన్ 2 డిస్కుని మీ కంప్యూటర్లో పెట్టి ఫైల్ తీసి, అది నడిపించే శక్తి ఉన్న మీ మెషీన్లోనే మీరు ఆడుకోవడానికి మంచి రక్షణ ఉంది. బయోస్ ఫైల్‌కీ, అంటే ప్లేస్టేషన్ మొదలవ్వడానికి దాని లోపల ఉండే ప్రోగ్రామ్‌కీ, ఇదే లెక్క, అదీ సోనీ వాళ్ల ప్రోగ్రామే కాబట్టి సొంత ప్లేస్టేషన్ నుంచి తీసుకోవాలి, నెట్‌లోంచి కాదు.

ఆ క్లాజులో సొంత కాపీ నుంచి అనే మాట మీద కాస్త ఆగండి. ఒరిజినల్ నా దగ్గర ఉంది కదా, అదే గేమ్ రోమ్ ఫైల్, అంటే క్యాసెట్టులోని గేమ్‌ని కాపీ చేసిన ఫైల్, నెట్‌లో డౌన్‌లోడ్ చేసుకుంటే ఏంటి అని అడుగుతారు అందరూ. నా అభిప్రాయంలో అది ఈ క్లాజులోకి రాదు, ఆ ఫైల్ మీ కాపీ నుంచి రాలేదు, ఇంకెవరో హక్కు లేకుండా పంచిన కాపీ నుంచి వచ్చింది. ఇంకా చేదు నిజం ఏంటంటే మీ క్యాసెట్లు, డిస్కులు ముందు ఒరిజినల్ అయుండాలి. మన దగ్గర 90ల్లో అమ్మిన 9999 ఇన్ 1 క్యాసెట్లు లైసెన్స్ లేని కాపీలు, పైన చేత్తో పేరు రాసి కవర్లో పెట్టి ఇచ్చిన ప్లేస్టేషన్ 2 డిస్కులూ అంతే. వాటిని మీరు డబ్బులు పెట్టే కొన్నారు, నాకు తెలుసు, అయినా వాటి మీద చట్టబద్ధంగా సంపాదించుకున్న కాపీ అనే ముద్ర పడదు. ఒక్కో డిస్కు తీసి చూసుకోండి, కంపెనీ ప్రింట్, మాన్యువల్, కేసు ఉన్నవి వేరుగా పెట్టండి.

బామ్మర్ది షాపుకి ఇలాంటి కస్టమర్లు వస్తే ఇంకో మాట. కాపీ గేమ్స్ కూడా నడిచేలా కంపెనీ పెట్టిన లాక్ తెంచి ప్లేస్టేషన్ జైల్‌బ్రేక్ చేసి ఇవ్వమని, మారియో తయారుచేసిన నింటెండో వాళ్ల స్విచ్ మెషీన్‌కి చిప్ వేయమని అడుగుతారు. 2012 సవరణలో వచ్చిన సెక్షన్ 65ఏ ప్రకారం కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశంతో లాక్ తెంచితే 2 ఏళ్ల దాకా జైలు, జరిమానా. చట్టం అనుమతించిన పని కోసం అయితే తప్పు కాదు కానీ వేరేవాళ్ల కోసం చేసిపెట్టేవాళ్లు ఆ మనిషి పేరు, అడ్రసు, ఎందుకు చేయించుకున్నాడు అన్నీ రికార్డు పెట్టాలి. షాపులో అలాంటి రిజిస్టర్ లేకపోతే ఆ పని ముట్టుకోవద్దనండి. అమెరికాలో స్విచ్ గేమ్స్ నడిపే యూజు ఎమ్యులేటర్ వాళ్లు 2024లో నింటెండోకి 24 లక్షల డాలర్లు కట్టి మూసేసుకున్నారు, అక్కడా గొడవ అంతా లాక్ తెంచడం మీదే నడిచింది. రోమ్ ఫైల్స్ పెట్టిన లవ్‌రోమ్స్ వాళ్ల మీద 2018లో కోటీ 20 లక్షల డాలర్ల తీర్పు పడింది.

ఇదంతా చెప్తున్నప్పుడు నాకు బాధ కూడా ఉంది, దాచుకోను. జనం అందరూ ఊరికే కావాలని దొంగ కాపీలకి పోవట్లేదు, చాలా గేమ్స్ కొందామన్నా దొరకవు. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వాళ్లు 2023లో లెక్క తీస్తే అక్కడ విడుదలైన పాత గేమ్స్‌లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో అమ్మకానికి లేవని తేలింది. అదే ఏడాది మార్చి 27న నింటెండో తన పాత మెషీన్లు 3డీఎస్, వీ యూ డౌన్‌లోడ్ స్టోర్లలో అమ్మకాలు ఆపేసింది, అక్కడ మాత్రమే దొరికే గేమ్స్ కొత్తగా కొనే దారే పోయింది. మన చట్టంలో పబ్లిక్ లైబ్రరీలు తమ దగ్గరున్న వాటిని భద్రపరచడానికి డిజిటల్ కాపీ చేసుకునే వీలు 2012లో పెట్టారు, అది గేమ్స్ దాకా గట్టిగా రావాలి, పార్లమెంటు చేయాల్సిన పని అది. అప్పటిదాకా ఈ లోటు చూపించి షాపులో డబ్బులు సంపాదించుకుంటాం అంటే ఏ కోర్టూ ఒప్పుకోదు.

మీ బాబుకి మాత్రం కొరతేం లేదు. కాంట్రా ఆడాలంటే కొనామీ వాళ్లే 2019లో కాంట్రా యానివర్సరీ కలెక్షన్ తెచ్చారు, కంప్యూటర్ గేమ్స్ అమ్మే స్టీమ్ ఆన్‌లైన్ స్టోర్లో, ప్లేస్టేషన్‌లో కొనుక్కోవచ్చు. ఆ చిన్న మెషీన్లోనే నడవాలంటే పాత కన్సోల్స్ కోసం ఇప్పుడు కొత్తగా రాస్తున్న గేమ్స్ చూడండి, ఇట్చ్ డాట్ ఐఓ అనే సైట్లో చాలా ఉన్నాయి. నింటెండో పాత చేతి మెషీన్ గేమ్ బాయ్ కోసం రాసిన టోబు టోబు గర్ల్ ఉచితం, సోర్స్ కోడ్‌తో సహా ఇచ్చేశారు. మైక్రో మేజెస్ అని 2019లో పాత నింటెండో కోసం చేశారు, గేమ్ మొత్తం 40 కిలోబైట్లు, నలుగురు కలిసి ఆడొచ్చు, అంత చక్కటి పని చూస్తే డబ్బులు పెట్టి కొనాలనే అనిపిస్తుంది. బాబుకి ఆసక్తి ఉంటే జీబీ స్టూడియో అని ఉచిత టూల్ ఉంది, దాంతో గేమ్ బాయ్ గేమ్ తనే చేసుకోవచ్చు, అప్పుడు కాపీరైట్ వాడిదే.

మీ బామ్మర్దికి నిజంగా ఈ వ్యాపారం మీద మనసుంటే దారి ఇదే, బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఉన్న మెషీన్లు, వ్యాపారానికి ఒప్పుకునే లైసెన్సు ఉన్న ఎమ్యులేటర్లు, ఇలా కొత్తగా గేమ్స్ చేసేవాళ్లకి మెయిల్ పెట్టి కార్డులో వేసి అమ్ముకోవడానికి రాతపూర్వక లైసెన్సు. సెక్షన్ 30 ప్రకారం అనుమతి రాతలో ఉండాలి, ఫోన్లో సరే అన్నాడు అంటే కుదరదు. ఉచితంగా డౌన్‌లోడ్ అవుతుంది కాబట్టి అమ్ముకోవచ్చు అని మాత్రం అనుకోవద్దు, ఒక్కో గేమ్ లైసెన్సు చదవాలి.

మీరు ఇప్పటికే కొంత డబ్బు ఇచ్చి ఉంటే అది అప్పు కింద ఇచ్చారా, వాటా కింద ఇచ్చారా అనేది ఈ రోజే వాట్సాప్‌లో అయినా సరే రాతలో పెట్టుకోండి. నోటిమాట భాగస్వామ్యం కూడా భాగస్వామ్యమే, 1932 పార్ట్‌నర్‌షిప్ చట్టం సెక్షన్ 25 కింద ఒకరు చేసిన వ్యాపార పనికి అందరూ బాధ్యులు, రేపు ఏ కంపెనీ అయినా నష్టపరిహారం దావా వేస్తే లాభాల్లో వాటా ఉన్న మీకూ సమన్లు వస్తాయి. అప్పు అయితే వెనక్కి ఎప్పుడిస్తాడో రాయించుకోండి, వాటా అయితే ఈ గేమ్స్ ఎక్కించే పనిలో నాకు భాగం లేదు, నా డబ్బు తిరిగివ్వు అని స్పష్టంగా మెసేజ్ పెట్టి, ఆయన జవాబు వచ్చాక ఆ చాట్ డిలీట్ కాకుండా చూసుకోండి.