ఈఎఫ్ బాగుంటే ఈ తొందరెందుకు?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. మిట్రల్ కవాటం (గుండె ఎడమవైపు పై గదికి, కింది గదికి మధ్య ఉండే తలుపు) లీకేజీ బాగా ఎక్కువగా ఉంది, రిపేర్ చేయాలన్నారు. బిందె ఎత్తితే ఆయాసపడుతోంది. ఎకోలో ఈఎఫ్ (గుండె కింది ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే వాటా) 62 శాతం, స్ట్రెయిన్ మైనస్ 15. పత్తి ఏరడం అయ్యాక చూద్దామంటోంది. ఆగవచ్చా డాక్టర్ గారూ?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: ఆగొద్దమ్మా. నల్లగొండలో నా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా ఈఎఫ్ అంకె చూసే ధైర్యపడతారు. బోరు పైపు మధ్యలో పగిలినా మోటారు నీళ్లు తోడుతూనే ఉంటుంది, చేనుకు మాత్రం పూర్తిగా చేరవు. ఈఎఫ్ ఆ తోడే నీళ్లన్నిటి లెక్క. లీకైన రక్తం ఒత్తిడి తక్కువగా ఉండే ఎడమ కర్ణికలోకి (పై గదిలోకి) వెనక్కి పోతుంది కాబట్టి అలసిన కండరం కూడా బాగానే కనిపిస్తుంది. రిపేర్‌తో ఆ దారి మూసుకుంటే దాగిన బలహీనత బయటపడి ఈఎఫ్ పడిపోవచ్చు.

స్ట్రెయిన్ దాన్ని ముందే పసిగడుతుంది. ఎకో బొమ్మలోని చుక్కల కదలికను వెంబడించి, కండరం పొడవునా ఎంత కుదించుకుంటోందో కంప్యూటర్ కొలుస్తుంది. పొడవు తగ్గుతుంది కనుక మైనస్ గుర్తు. మామూలుగా మైనస్ 20 దగ్గర ఉండాలి. మీ అమ్మకు 15 దగ్గరే ఆగింది, అంటే కుదింపు తగ్గింది. ఆపరేషన్‌కు ముందే ఇది తగ్గినవాళ్లలో తర్వాత గుండె బలహీనపడే అవకాశం ఎక్కువ.

యంత్రాన్ని బట్టి అంకె కొంత మారుతుంది, అదొక్కటే చూసి నిర్ణయించరు. ఆయాసం లేనివాళ్లకు కూడా ఈఎఫ్ 60కి దిగినా, గుండె ముడుచుకున్నప్పుడు ఎడమ జఠరిక (కింది గది) వెడల్పు 40 మిల్లీమీటర్లకు చేరినా ఆపరేషన్ చేయాలంటారు. మీ అమ్మకు ఆయాసమే వచ్చేసింది. ఈసారి పత్తికి కూలీలను పెట్టుకోండి.